గ్రనాడాలో ఒక సెమిస్టర్: నా స్పానిష్‌తో అక్కడ నెగ్గుకురాగలనా?

తెనాలి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. హైదరాబాదులో స్పానిష్ బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక సెమిస్టర్ కోసం స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయానికి ఎంపికయ్యాను. ఫిబ్రవరి మొదట్లో వెళ్ళి జూన్ ఆఖరుకి తిరిగి రావాలి. కబురు తెలిసిన రోజు ఇంట్లో అందరం ఏడ్చేశాం. రెండో రోజు నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

నా స్పానిష్ బి1, అంటే మధ్య స్థాయి, దగ్గర ఉంది. పరీక్షలో మార్కులు బాగానే వస్తాయి. నోరు తెరిస్తే మాత్రం ముందు ఇంగ్లీషులో వాక్యం కట్టుకుని, దాన్ని స్పానిష్‌లోకి మార్చుకుని, అప్పుడు మాట్లాడతాను. ఈలోగా ఎదుటివాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోతారు. మా క్లాసులో వినే రికార్డింగులు శుభ్రంగా అర్థమవుతాయి. కానీ గ్రనాడా వాళ్ళ వీడియో ఒకటి చూస్తే సగం అక్షరాలు గాల్లో కలిసిపోతున్నాయి. అక్కడి క్లాసులు ఎలా అర్థం చేసుకోవాలి? ఇంగ్లీషులో చెప్పే సబ్జెక్టులే తీసుకుంటే సరిపోతుందా?

ఇంకొకటి, ఉండటం. అక్కడ ఇప్పటికే ఉన్న మన దేశం అమ్మాయిలు ముగ్గురు తమ ఫ్లాట్‌లో ఒక గది ఇస్తామంటున్నారు. అమ్మకి అదే ఇష్టం. నాకేమో స్పానిష్ మాట్లాడే ఇంట్లో ఉండాలని ఉంది కానీ ధైర్యం చాలడం లేదు. మా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ తినం. అమ్మ దిగులంతా అదే. నాన్న దిగులు డబ్బు ఎంత చూపించాలన్నది. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

కొత్తపేట_కుర్రాడు:

అభినందనలమ్మా. నేను 2023లో మాడ్రిడ్‌లో ఒక సెమిస్టర్ ఉన్నాను. భాష సంగతి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు వస్తారు. కాగితాలు, ఇల్లు గురించి నేను చెప్తాను.

ముందు తేదీలు లెక్కపెట్టుకో. మొత్తం 180 రోజులు దాటకపోతే వీసా ఒక్కటీ చాలు. అక్కడికెళ్ళాక విదేశీయుల గుర్తింపు కార్డు కోసం పోలీసు ఆఫీసు అపాయింట్‌మెంట్ల వెంట తిరగక్కర్లేదు. 180 దాటితే పోలీసు క్లియరెన్సు, మెడికల్ సర్టిఫికెట్, వాటికి అపోస్టిల్ (బయటి దేశంలో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్ర), దిగిన నెలలోపు కార్డుకి దరఖాస్తు, ఇవన్నీ వచ్చి పడతాయి. నీది ఫిబ్రవరి నుంచి జూన్ కాబట్టి లోపలే ఉంటావు. "ఇంకో నెల తిరిగొస్తాను" అని టికెట్టు వెనక్కి జరిపేముందు ఈ లెక్క చూసుకో.

నాన్నగారికి చెప్పు: ఎంత డబ్బు చూపించాలో తేల్చడానికి స్పెయిన్ వాళ్ళు కొలబద్దగా పెట్టుకునేది ఇప్రెమ్ అనే ప్రభుత్వ అంకె. నేను వెళ్ళిన ఏడు అది నెలకి 600 యూరోలు. అది మారుతూ ఉంటుంది, దరఖాస్తు పెట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి. ఇన్సూరెన్సు కొనేటప్పుడు "సిన్ కొపాగో" అని ఉందా లేదా చూడు. అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మన వాటా కట్టే పని లేనిదని. అది లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది.

ఇల్లు. ఈ ఒక్కటి మాత్రం నా మాట విను. చూడకుండా రూపాయి పంపొద్దు. నేను ఒక ప్రకటన చూసి, ఫోటోలు బాగున్నాయని, ఇక్కడ్నుంచే 350 యూరోలు అడ్వాన్సు పంపాను. రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ ఆ అడ్రసుకి వెళ్తే అక్కడ పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. రిసెప్షన్‌లో ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆ నెలలో అదే ఇంటి అడ్రసు పట్టుకుని వచ్చినవాళ్ళలో నేను మూడోవాణ్ణట. మొదటి వారం హాస్టల్లో మంచం తీసుకుని, కాళ్ళతో నడిచి ఇళ్ళు చూడు. ఒక నెల అద్దె "ఫియాన్సా"గా, అంటే డిపాజిట్‌గా, అడగటం మామూలే, కానీ కాగితం మీద సంతకం అయ్యాకే ఇవ్వాలి.

ఇల్లు చూసేటప్పుడు మంచం, కిటికీ కాదు, చలికి ఏముందో అడుగు. గ్రనాడా సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, వెనకాలే మంచు కొండలు. స్పెయిన్ అంటే ఎండ అనుకుని వెళ్ళేవాళ్ళు ఫిబ్రవరిలో వణికిపోతారు. పాత ఇళ్ళలో నీళ్ళు కాగడానికి గ్యాసు బండే ఉంటుంది, మనవాటిలాగే, రంగు నారింజ. బండ మార్చే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకో.

రాజమండ్రి_రేవు:

చెల్లీ, నేను కూడా 2023లోనే, ఇదే సెమిస్టర్, ఇదే ఊరు. నీ ప్రశ్న చదువుతుంటే నా నోట్‌బుక్ ఎవరో తీసి చదువుతున్నట్టు ఉంది. కాస్త పెద్దగానే రాస్తాను.

నాకు తెలిసిన ఒక్క మాట ముందే చెప్పేస్తా. స్పానిష్‌లోకి ఇంగ్లీషు దారిలో వెళ్ళకు. తెలుగు దారిలో వెళ్ళు. మనకి క్లాసుల్లో స్పానిష్ అంతా ఇంగ్లీషు ద్వారా చెప్పారు కాబట్టి తెలుగుకి ఇందులో పనేం లేదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, మార్చి రెండో వారం దాకా. ఆ వారం ఒక పళ్ళెం పగిలింది.

నేను రెయాలెహో అనే పేటలో ఒక మామ్మగారింట్లో గది తీసుకున్నాను. డెబ్భై ఒకటో ఏడు ఆవిడకి, ఒక్కరే ఉండేవారు. వంటింటి గోడ మీద ఫహలౌసా పళ్ళేలు వరసగా తగిలించి ఉండేవి. అది గ్రనాడా కుమ్మరి పని. తెల్లటి పూత మీద నీలం, ఆకుపచ్చ గీతలు, మధ్యలో దానిమ్మకాయ. గ్రనాడా అంటేనే స్పానిష్‌లో దానిమ్మ. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ పైన ఉన్న జాడీ అందుకోబోతే నా మోచెయ్యి తగిలి ఒక పళ్ళెం కిందపడి మూడు ముక్కలైంది. మామ్మగారు పరిగెత్తుకొచ్చారు. నేను వణుకుతూ, నాకు నేర్పిన ప్రకారం, "ఎ రోతో ఎల్ ప్లాతో" అన్నాను. నేను పళ్ళెం పగలగొట్టాను అని. ఆవిడ ముక్కలు ఏరుతూనే తల అడ్డంగా ఊపి, "నో, ఇహా. సె తె ఆ రోతో" అన్నారు. కాదమ్మా, నీ చేతిలో పగిలిపోయింది, అని.

నాకు చీపురు చేతిలోనే ఆగిపోయింది. ఎందుకంటే మా అమ్మ అయితే సరిగ్గా అదే అంటుంది. మనింట్లో గ్లాసు పడితే "నేను గ్లాసు పగలగొట్టాను" అని ఎవరం అంటాం? "పగిలిపోయిందమ్మా" అంటాం. పగలగొట్టడం వేరు, పగిలిపోవడం వేరు. ఆ తేడా వాళ్ళకీ ఉంది. సె మె ఆ రోతో, విరిగిపోయింది. సె మె ఆ కాయీదో, జారిపోయింది. అప్పటిదాకా ఆ "సె మె" పాఠం నాకు గణితంలో సూత్రంలా ఉండేది, బట్టీ పట్టి పరీక్షలో రాసేదాన్ని.

ఆ రాత్రి కూర్చుని పుస్తకం మొదటి పేజీ నుంచి తెలుగుతో పక్కపక్కన పెట్టుకుంటూ వెళ్ళాను. "మె గుస్తా" అంటే ఇంగ్లీషులో ఐ లైక్ అని చెప్తారు, ఆ తరవాత క్రియ ఎందుకు తిరగబడిందో చెప్పడానికి ఒక పూట పడుతుంది. తెలుగులో? నాకు కథ నచ్చింది, నాకు కథలు నచ్చాయి. నచ్చేది కథ, అందుకే క్రియ కథ వెంట పోతుంది. మె గుస్తా, మె గుస్తాన్, అంతే. తల నొప్పి పుడితే "మె దుయెలె". రెండు యూరోలు తక్కువైతే "మె ఫాల్తాన్". తినాలనిపిస్తే "మె అపెతేసె". అన్నిట్లోనూ మన "నాకు" కూర్చుని ఉంది. ఇంకా ముచ్చటైనది: నాకు భయమేస్తోంది, "మె దా మియేదో". నాకు సిగ్గేస్తోంది, "మె దా బెర్‌గ్వెన్సా". నాకు జాలేస్తోంది, "మె దా పేనా". మనం "వేస్తుంది" అనే చోట వాళ్ళు "ఇస్తుంది" అంటారు. నాకైతే ఏళ్ళ క్రితం విడిపోయిన చుట్టాలు కలిసినట్టనిపించింది.

నోరు కూడా అంతే. ఇంగ్లీషు అలవాటుతో మనం "టెంగో" అంటాం. అది "తెంగో", మన త. అలాగే ద ని డ చేయకు, మన ద అది. పతాతా అనే మాట తెలుగు పిల్లకి చెప్పినట్టు పలికితే సరిపోతుంది. అచ్చులు ఐదూ మనవే, సాగదీయకుండా. కర్త చెప్పకుండా "వచ్చాను" అంటే నేనని తెలిసినట్టే వాళ్ళకీ క్రియ చివర చూస్తే తెలుస్తుంది. ప్రతి వాక్యానికీ ముందు "యో, యో" అనడం నా క్లాసులో ఇంగ్లీషు దేశాలవాళ్ళు మానలేకపోయారు. నేను రెండు రోజుల్లో మానేశాను.

మాటల్లో కూడా దొరుకుతాయి. తువాలుని చూపించి మామ్మగారు "తొఆయా" అంటే నాకు నవ్వొచ్చింది. బొత్తాము బొతోన్, అలమార అర్మారియో, మేస్త్రి మాయెస్త్రో. ఇవి పోర్చుగీసువాళ్ళు మన తీరంలో వదిలివెళ్ళిన మాటలు, స్పానిష్‌కి తోడబుట్టినవి. సపోటా అయితే మెక్సికో నుంచి స్పానిష్ నోటి మీదుగా మన తోటల్లోకి వచ్చిన పేరు.

తెలుగు సాయం చెయ్యని చోట్లు కూడా చెప్పాలి. బల్ల ఆడదా మగదా అని మన భాషలో అడగం, అది బట్టీయే. "ఉండటం" అనే అర్థానికి వాళ్ళకున్న రెండు క్రియలు, సేర్, ఎస్తార్, వాటి తేడాకి నేను ఇప్పటికీ ఒక్కోసారి ఆగుతాను. మనం, మేము అని మనకున్న తేడా వాళ్ళకి లేదు. "నొసోత్రోస్" అంటే నేను అందులో ఉన్నానో లేదో తెలీక రెండుసార్లు పిలవని పార్టీకి వెళ్ళాను.

ఇక గ్రనాడా యాస. నువ్వు విన్నది నిజమే, మాట చివరి "స్" పోతుంది. మాస్ ఒ మెనోస్ (ఇంచుమించు) కాస్తా "మా ఒ మెనో" అవుతుంది. బహువచనం కూడా చాలాసార్లు "స్" వల్ల కాదు, చివరి అచ్చుని కాస్త నోరు తెరిచి పలకడం వల్ల తెలుస్తుంది. "ఆదో" అని ముగిసే మాటలన్నీ "ఆవో" అయిపోతాయి, కన్సాదో కన్సావో. మొదటి వారం కార్తూహా కొండ మీది ఫ్యాకల్టీలో వెనక బెంచీలో కూర్చుని పెన్ను కదపలేదు. కానీ మనవాళ్ళు మాత్రం "వెళ్ళిపోయాడు" అని పుస్తకంలో ఉన్నట్టు అంటారా? ఎల్పోయాడు అంటారు. యాసని తప్పు ఉచ్చారణ అనుకోవడం మానేసిన రోజు నుంచి చెవి తెరుచుకుంటుంది.

దానికి నాకు సాయపడింది పెరుగు. వినడానికి వింతగా ఉంటుంది కానీ చెప్తాను. ఆ ఇంట్లో "మెసా కమియా" ఉండేది, నేల దాకా దళసరి గుడ్డ కప్పిన గుండ్రటి బల్ల. కింద "బ్రసేరో" అని కుంపటి, ఒకప్పుడు బొగ్గులది, ఇప్పుడు కరెంటుది. చలికాలం సాయంత్రాలు ఆ గుడ్డ ఒళ్ళోకి లాక్కుని, కాళ్ళు లోపల పెట్టుకుని అందరూ అక్కడే కూర్చుంటారు. నేను పాలు గోరువెచ్చగా చేసి, 125 గ్రాముల కప్పు పెరుగులోంచి ఒక చెంచా తోడు వేసి, గిన్నెని ఆ బల్ల గుడ్డ అంచు కింద, వేడికి దూరంగా పెట్టేదాన్ని. పడుకునే ముందు మామ్మగారి ఉన్ని శాలువా చుట్టేదాన్ని. పొద్దున్నే ఆవిడ నాకన్నా ముందు మూత తీసి చూసి అడిగేవారు, "ఆ క్వాహావో?" తోడుకుందా అని. అసలు మాట క్వాహాదో. మార్చి నెలలో ఒకరోజు టీవీలో సియెర్రా నెవాదా కొండ మీద కొత్త మంచు గురించి చెప్తూ ఒకాయన "లా నియేవె ఆ క్వాహావో" అన్నాడు. మంచు కరగకుండా నిలబడింది, పేరుకుంది అని. నాకు ఏ అనువాదమూ లేకుండా, పెరుగు గిన్నె కళ్ళ ముందు కనబడి అర్థమైపోయింది. ఆ రోజు నుంచి నాకు గ్రనాడా భాష అంటే భయం వెయ్యలేదు.

కాబట్టి నీ ఇంటి ప్రశ్నకి నా జవాబు: ఆ ముగ్గురమ్మాయిలు మంచివాళ్ళే అయ్యుంటారు, వాళ్ళతో స్నేహం చెయ్యి, ఆదివారం పప్పు కలిసి వండుకోండి. ఇల్లు మాత్రం స్పానిష్ మాట్లాడేది తీసుకో. క్లాసు రోజుకి నాలుగ్గంటలు. మిగతా సమయమంతా ఇల్లే.

సబ్జెక్టులు: అక్కడ మామూలుగా ఒక్కోటి 6 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 30. నేను మూడు స్పానిష్‌లో, రెండు ఇంగ్లీషులో తీసుకున్నాను. నీకూ అదే చెప్తాను. మార్కులు పదికి, ఐదు వస్తే పాసు. మొదటి రోజే క్లాసయ్యాక టీచరు దగ్గరికి వెళ్ళి "నేను ఇండియా నుంచి వచ్చాను, నా స్పానిష్ ఇంతే" అని చెప్పు. నేను వారం ఆగాను, ఆ వారం వృథా అయింది. "తుతోరియా" అని ప్రతి టీచరుకీ వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసం ఉంటాయి. మన దగ్గరలా సార్ గది ముందు నిలబడి భయపడక్కర్లేదు, అది నీ హక్కు. చాలామంది నోట్సు "ప్రాడో" అనే వాళ్ళ వేదికలో ముందే పెడతారు. క్లాసుకి ముందు చదువుకుని వెళ్తే సగం వినబడుతుంది.

దుకాణాల్లో కొందరు విసుక్కున్నట్టు జవాబిస్తారు. మనసుకి తీసుకోకు. ఆ ఊరివాళ్ళే దానికి "మలఫొయా" అని పేరు పెట్టుకుని మా తీరే అంత అని చెప్తారు. అదే మనిషి రెండోసారి వెళ్తే "బొనీకా", అందాలమ్మాయీ, అని పిలుస్తాడు. ఏ మాటకైనా "ఇకో", "ఇకా" తగిలించి ముద్దుగా అనడం కూడా గ్రనాడా అలవాటే.

శనగపప్పు:

తిండి గురించి నేను రాస్తాను, నాదీ మాంసం, గుడ్డు లేని ఇల్లే. గ్రనాడాలోనే ఏడాది ఉన్నాను.

"సిన్ కార్నె", మాంసం లేకుండా, అంటే సరిపోదు. కార్నె అంటే చాలామందికి ఎర్ర మాంసం మాత్రమే. దాంతో హమోన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) ముక్కలు, ట్యూనా చేప "మాంసం కాదు కదా" అంటూ వస్తాయి. "సలాడ్" అడిగినా పైన ట్యూనా ఉంటుంది. కాబట్టి "ని కార్నె, ని హమోన్, ని పెస్కాదో, ని వేవో", మాంసం, హమోన్, చేప, గుడ్డు ఏవీ వద్దు, అని వరసగా చెప్పాలి. పప్పులు, శనగలు చూసి సంబరపడకముందు ఉడికించింది ఎముకల నీళ్ళలోనా అని అడుగు. సల్మొరేహో చల్లటి టమాటా చిక్కటి పులుసు, దాని మీద గుడ్డు, హమోన్ చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. గజ్పాచో అనే ఇంకో చల్లటి టమాటా పులుసుకి మామూలుగా ఆ ఇబ్బంది లేదు.

గ్రనాడాలో చాలా చోట్ల ఏదైనా తాగడానికి తీసుకుంటే చిన్న పళ్ళెంలో తాపా అనే చిరుతిండి ఉచితంగా వస్తుంది. మద్యమే అక్కర్లేదు, ద్రాక్షరసం "మోస్తో" తీసుకున్నా ఇస్తారు. శాకాహారమని ముందే చెప్తే వేరేది పెడతారు. బయట నీకు నచ్చేది ఒకటి చెప్తాను: "బెరెన్‌హెనాస్ కొన్ మియెల్ దె కాన్యా". వంకాయ చక్రాలు కరకరలాడేలా వేయించి పైన చెరకు పానకం పోస్తారు. ఒకప్పుడు గ్రనాడా జిల్లాలోని మోత్రిల్ తీరంలో చెరకు బాగా పండేది. నేను మొదటిసారి తిన్నప్పుడు మా ఊరి బెల్లం గానుగ వాసన వచ్చింది. పిండిలో గుడ్డు కలుపుతారేమో మాత్రం అడుగు.

అమ్మగారికి చెప్పండి: నెయ్యి, పాలకోవా పెట్టెలో పెట్టొద్దు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తెచ్చుకోనివ్వరు, విమానాశ్రయంలో తీసేస్తారు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, పొడి చేసి ఇవ్వండి. ఇంగువ, రసం పొడి, కందిపొడి చాలు. ఆవాలు, చింతపండు అక్కడి పాకిస్తానీ, మొరాకో దుకాణాల్లో దొరుకుతాయి. పొట్టి బియ్యం "అర్రోస్ రెదోందో" పెరుగన్నానికి చక్కగా సరిపోతుంది, ముద్దగా ఉడుకుతుంది.

తెనాలి_అమ్మాయి:

అందరికీ దండాలు. పళ్ళెం సంగతి అమ్మకి చదివి వినిపించాను. "ఆ మామ్మగారి ఇంట్లో అయితే నాకేం దిగులు లేదు" అంది. నిన్న రాత్రి నుంచి "నాకు" వచ్చే వాక్యాలన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. "నాకు గుర్తుంది" అని రాసి చూస్తే మాత్రం కుదరలేదు, అక్కడ "నేను" వస్తోంది.

అక్కా, ఒక ప్రశ్న. ఆవిణ్ణి "ఉస్తేద్" అని మీరులా పిలిచారా, "తూ" అన్నారా? వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళారు?

రాజమండ్రి_రేవు:

గుర్తుంది దగ్గర నువ్వు చెప్పింది నిజమే, "మె అకుయెర్దో" అంటే నేనే. కుదరనివి కూడా ఆ పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసుకో.

మొదటి రెండు రోజులు ఉస్తేద్ అన్నాను. మూడో రోజు ఆవిడే వద్దన్నారు. నాకు ఇబ్బందనిపించలేదు, మా అమ్మమ్మని నువ్వు అనే పిలుస్తాను కదా. బయట పెద్దవాళ్ళకి మాత్రం వాళ్ళు చెప్పేదాకా ఉస్తేదే మంచిది. టీచర్లు చాలామంది తూ అనే అనమంటారు.

నేను ఏటికొప్పాక లక్క భరిణె ఒకటి పట్టుకెళ్ళాను, పసుపు, ఎరుపు చారలది. కుంకుమకి అని చెప్పాను. ఆవిడ అందులో సూదులు, బొత్తాలు వేసుకుని మెసా కమియా మీదే ఉంచుకున్నారు.

నీ వీసా చేతికి రాగానే ఇక్కడ రాయి. మామ్మగారికి ఫోన్ చేసి గది ఖాళీగా ఉందేమో అడుగుతాను.